‘పర్లేదండీ’ అనడం మానేశాక

గేటుకి తాళం. రెండంతస్తుల ఇల్లు, 22 కిటికీలు, హాలు ముందు నేల నుంచి పైదాకా ఒకటే అద్దం. అద్దాలు తుడవడానికి ఎనిమిదింటికి రమ్మన్నారు, పది నిమిషాల ముందే చేరాను. బండి మీద నిచ్చెన, బకెట్లు, రాత్రి ఫిల్టర్ పెట్టి నింపుకున్న నీళ్ల ట్యాంకు. ఫోన్ చేస్తే మోగుతోంది, తీయట్లేదు. ఊరికే నిలబడటమెందుకని బండి పక్కనే కూర్చుని వైపర్‌లో రబ్బరు పట్టీ మార్చాను. అంచు ఎక్కడో చిన్నగా తెగినట్టుంది, ముందు రోజంతా ప్రతి అద్దం మీదా సన్నటి నీటి గీత వదులుతోంది. నా దగ్గరున్నది ఇత్తడి పిడి వైపర్. ఇటలీ నుంచి అమెరికా వలస వెళ్లిన ఎటోరె స్టెక్కోనె అనే కిటికీలు తుడిచే ఆయన 1930ల్లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది, ఇప్పటికీ పెద్దగా మారలేదు. అంతకు ముందువి బరువైన ఉక్కువి, రబ్బరు మార్చాలంటే డజను మరలు విప్పాలట. ఇప్పుడు అర నిమిషం పని. ఆ రోజు ఆ గేటు దగ్గర నలభై నిమిషాలున్నాను. డజను మరలదైనా సరిపోయేంత టైమే.

చివరికి మెసేజ్ వచ్చింది: ‘సారీ, నిన్న సాయంత్రమే ఊరొచ్చేశాం. చెప్పడం మర్చిపోయా. వచ్చే వారం చూద్దాం.’

నేను కొట్టిన జవాబు: ‘పర్లేదండీ.’

ఆ రాత్రి ఏదో పాత అడ్రస్ కోసం ఫోన్‌లో వెతుకుతుంటే ఆ మాటే మళ్లీ మళ్లీ కనిపించింది. ఒకరికి ‘పర్లేదండీ, రేపొస్తా’. ఇంకొకరికి ‘పర్లేదండీ, డబ్బులు తర్వాతివ్వండి’. మరొకరికి ‘పర్లేదండీ, ఈసారికి వదిలేద్దాం’. లెక్కపెట్టాను. ఆ ఒక్క నెలలో 31 సార్లు. నెలలో నేను పని చేసిన రోజులు 25.

మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకో సామెత ఉంది, పూర్తిగా రాయక్కర్లేదు. నాకు జరిగిందీ అదే. కస్టమర్లకు మాట మీద నిలకడ లేదని రెండేళ్లుగా ఇంట్లో చెప్పుకుని బాధపడుతున్న మనిషిని, వాళ్లకి ఆ అలవాటు చేసింది నా మెసేజ్‌లేనేమోనని అనుమానం వచ్చింది మాత్రం ఆ రాత్రే.

ఈ పనిలో ఒక ఇల్లు తప్పిపోతే ఆ ఒక్క ఇంటి డబ్బులే పోతాయని బయటివాళ్లు అనుకుంటారు. అలా కాదు. మేం తిరిగేది ఎండని బట్టి. ఉదయం పడమటి వైపు అద్దాలు, మధ్యాహ్నం దాటాక తూర్పు వైపువి. ఎండ సూటిగా పడే అద్దం మీద సబ్బు నీళ్లు పూస్తే, వైపర్ కిందికి లాగేలోపే ఆరిపోయి చారలు కట్టేస్తాయి. రోజంతా ఎవరిల్లు ఎప్పుడన్నది దాని చుట్టూ అల్లుకుని ఉంటుంది. ఎనిమిదింటి ఇల్లు తప్పిందని పదింటి ఇంటికి ముందే వెళ్లిపోదామంటే అక్కడ ముందు గది అద్దాలన్నీ అప్పుడు ఎండలో మండుతుంటాయి. పైగా ఆ ఇంటావిడ పదింటికి గానీ ఇంట్లో ఉండరు. సాయంత్రం దాకా రోజు మొత్తం కుంటుతుంది.

మర్నాడే ఒక చిన్న నోట్‌బుక్ కొన్నాను. తప్పిపోయిన ప్రతి పనినీ రాయడం మొదలుపెట్టాను: ఎవరు, ఎందుకు, ఎప్పుడు చెప్పారు, అంతకు ముందు నేనేం చెప్పాను. ఆ చివరి గడి పెట్టడం ఎందుకో తట్టింది గానీ, ఆఖరికి పనికొచ్చింది అదొక్కటే.

మూడు నెలల్లో 41 తప్పాయి. అప్పటికి నాకు క్రమం తప్పకుండా ఉన్న ఇళ్లు, ఆఫీసులు కలిపి 64. ఆ 41లో 29 తొమ్మిది మంది దగ్గరే. అంటే మిగతా 55 మంది దాదాపు ఏ తంటా పెట్టట్లేదు, నేనే అందర్నీ ఒకే గాటన కట్టి తిట్టుకుంటున్నాను. రెండోది ఇంకా ఇబ్బంది పెట్టింది. నా గడి చూస్తే చాలా చోట్ల ‘మంగళవారం ఉదయం వస్తానన్నాను’ అని ఉంది. ఉదయం అంటే ఎప్పుడు? నాకు ఎనిమిదిన్నర. వాళ్లకి పదకొండు కావచ్చు. ఎనిమిదిన్నరకి వెళ్తే స్నానంలో ఉంటారు, తలుపు తీయరు, నేను ‘మనిషి లేరు’ అని రాసుకుని వచ్చేస్తాను.

ఒకాయన ముఖం మీదే అన్నారు కూడా. ‘మీరు రెండుసార్లు చెప్పిన రోజు రాలేదు బాబూ, నేనేమైనా అన్నానా?’ అని. నిజమే. ఒకసారి బండి పాడైంది, ఒకసారి ముందు ఇంట్లో ఆలస్యమైంది. రెండుసార్లూ చీకటి పడ్డాక ‘సారీ సార్’ అని మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. ఆయన కూడా ‘పర్లేదు’ అన్నారు. ఆ మాటకి అవతలి వైపు నేనుండటం అదే మొదటిసారి గమనించడం. అప్పట్నుంచి పావుగంట కంటే ఆలస్యమయ్యేలా ఉంటే బకెట్ కింద పెట్టేసి ముందు ఫోన్ చేస్తున్నాను. నోట్‌బుక్‌లో నాకూ ఒక పేజీ ఉంది.

మార్చిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం వచ్చింది ముందు రోజు మెసేజ్‌లో. అది అంతకు ముందు కూడా పెట్టేవాణ్ణే. ‘రేపు రమ్మంటారా అండీ?’ అని. మర్యాదగా ఉందనుకునేవాణ్ణి. అలా అడిగితే ఎవరైనా ఒక్క క్షణం ఆగి ‘రేపా... అద్దాలు మరీ అంత దుమ్ముగా ఏమీ లేవే’ అనుకుంటారు. అనుకోవడమేంటి, అదే రాసి పంపేవాళ్లు. వచ్చే పనికి నేనే తలుపు తీసి పొమ్మంటున్నానన్నమాట.

ఇప్పుడు ప్రశ్న లేదు. సాయంత్రం నాలుగింటికి ఇలా వెళ్తుంది: ‘నమస్తే అండీ. రేపు ఉదయం 8:30కి మీ ఇంటికి వస్తున్నాను. పక్క గేటు తాళం తీసి ఉంచండి, కిటికీ గట్ల మీద సామాన్లు తీసి పెట్టండి. రేపు కుదరకపోతే ఈరోజు రాత్రి 7 లోపు చెప్పండి, ఆ టైమ్ వేరేవాళ్లకి ఇస్తాను.’ ఆ చివరి ముక్క బెదిరింపు కాదు. నిజంగానే ఇస్తాను. దగ్గర్లో ఉండి, ‘ఎప్పుడు ఖాళీ దొరికినా ఫోన్ చెయ్యండి’ అన్న ఆరేడుగురి పేర్లు వెనక అట్ట మీద రాసి పెట్టుకున్నాను. రాత్రి ఏడుకి ఎవరైనా కాదంటే ఏడుంబావుకి వాళ్లకి ఫోన్ వెళ్తుంది. అన్నిసార్లూ దొరకరు, సగం సార్లు దొరుకుతారు.

సామాన్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఇంటి లోపలి అద్దాలు తుడవాలంటే అరగంట దానికే పోయేది. పూల కుండీలు, ఫొటోలు, పిల్లల బొమ్మలు. అవి నేను తీస్తే ఏదో ఒకటి పగులుతుందని భయం, వాళ్లు తీసేదాకా ఆగితే టైమ్ పోతుంది. మెసేజ్‌లో ఒక వాక్యం పెట్టాక చాలామంది తీసి ఉంచుతున్నారు. ఇంకో లాభం కూడా ఉంది. సామాన్లు తీసి పెట్టినావిడ మర్నాడు పొద్దున ‘ఈసారికొద్దులెండి’ అనదు. అంత శ్రమ పడి మళ్లీ సర్దుకోవాలి కదా.

వానది వేరే గొడవ. ఆకాశంలో ఒక మబ్బు కనిపిస్తే చాలు, ఫోన్ మోగుతుంది. ‘వాన పడేలా ఉంది, ఇప్పుడు తుడిస్తే దండగ కదా?’ వాళ్లని తప్పు పట్టలేను, నేనూ ఈ పనిలోకి రాకముందు అలాగే అనుకునేవాణ్ణి. వాన పడ్డాక అద్దం మీద మచ్చలు కనిపించేది చాలావరకు అద్దం మీద అప్పటికే ఉన్న దుమ్ము వల్ల. చినుకు ఆ దుమ్ముని తడిపి, బురద చేసి, కిందికి జార్చి, ఎక్కడ ఆరితే అక్కడ వదిలేస్తుంది. శుభ్రంగా ఉన్న అద్దం మీద చినుకు పడితే వదిలేది చాలా తక్కువ. ఈ మాట ఎంతమందికి చెప్పినా ‘అలాగా’ అంటారు, నమ్మరు.

ఒకావిడకి చూపించాను. వరసగా మూడుసార్లు వాన పేరు చెప్పి మాన్పించారు ఆవిడ. నాలుగోసారి నేను గుమ్మం దాకా వెళ్లాక సన్నటి తుంపర మొదలైంది. ‘అమ్మా, ఒక్క కిటికీ చేస్తాను. సగమే చేస్తాను. వాన వెలిశాక చూసి చెప్పండి. బాగోకపోతే డబ్బులొద్దు’ అన్నాను. హాల్లో పెద్ద కిటికీకి రెండు పలకలు. ఎడమది తడిపాను, అంచుల్లో పేరుకున్నది రుద్దాను, పైన మూల నుంచి వైపర్ పెట్టి పాము మెలికలా కింది దాకా ఎత్తకుండా లాగాను, అంచుల్లో మిగిలిన నీటి చుక్కని పొడి బట్టతో అద్దాను. కుడిది ముట్టుకోలేదు. వాన బాగానే పడింది. సాయంత్రం ఫొటో పంపారు. కుడి పలక మీద పై నుంచి కింద దాకా బూడిద రంగు కన్నీటి చారలు. ఎడమ పలక మీద రెండు మూడు చుక్కల గుర్తులు, అవీ వెతికితేనే. కింద ఒక ముక్క రాశారు: ‘రెండో సగం ఎప్పుడు?’

ఆ ఫొటో ఇప్పుడు నా ఫోన్‌లో వాన కోసమే ఉంది. మబ్బు చూసి ఫోన్ చేసినవాళ్లకి వాదన లేకుండా అది పంపిస్తాను. ఉరుములు, మెరుపులు, పెద్ద గాలి ఉంటే మాత్రం నేనే మానేస్తాను. గాలిలో నిచ్చెన ఎక్కను, ఎవరు చెప్పినా ఎక్కను. నాలుగడుగుల ఎత్తుకి గోడ నుంచి ఒక అడుగు దూరం లెక్కన నిచ్చెన కాలు పెట్టాలన్నది నేర్చుకున్న మొదటి రోజు పాఠం. తడి నేల మీద ఆ లెక్కని కూడా పూర్తిగా నమ్మను.

తొమ్మిది మందిలో ఎక్కువమంది మరో రకం. రద్దు చెయ్యరు, ‘దాటేస్తారు’. రెండు నెలలకోసారి అని ఒప్పుకుంటారు, ఆ లెక్కన రేటు తగ్గించుకుంటారు, తర్వాత ఒకసారి తప్పించి ఒకసారి రమ్మంటారు. ‘పోయినసారి తుడిచిందే ఇంకా బాగుందండీ.’ అంటే నాలుగు నెలలకోసారి పని, రెండు నెలల రేటుకి. మొదట్లో నాకు ఇందులో మోసం కనిపించలేదు. ఒక్కసారి టైమ్ చూసుకున్నాక కనిపించింది. రెండు నెలలకి వెళ్తే గంటంబావులో అయ్యే ఇల్లు, నాలుగు నెలలకి వెళ్తే రెండు గంటలు దాటింది. ఫ్రేము చాళ్లలో దుమ్ము గట్టిపడి ఉంటుంది, దోమల మెష్ తీసి కడగాలి, పక్షుల రెట్ట ఎండి అతుక్కుని ఉంటుంది, సాలీడు గూళ్లు, పురుగుల గుడ్లు. నీళ్లు ఒకసారి పూస్తే పోనివి రెండు మూడు సార్లు పూసి నానబెట్టాలి.

కొన్నయితే నానబెట్టినా పోవు. తోటలో నీళ్లు చిమ్మే గొట్టం ఉన్న ఇల్లొకటి ఉండేది. అది తిరుగుతూ తిరుగుతూ కింది కిటికీల మీద రోజూ కొంచెం చల్లేది. బోరు నీళ్లు, సున్నం ఎక్కువ. ఆ చుక్కలు కొత్తగా ఉన్నప్పుడు మామూలు తడిబట్టతో పోతాయి. కొన్ని వారాలైతే వెనిగర్ లాంటి పులుపు నీళ్లు కావాలి. నెలల తరబడి ఎండలో కాలితే అవి అద్దాన్నే తినేయడం మొదలుపెడతాయి. అప్పుడు తుడవడం కాదు, పాలిష్ పట్టాలి, ఆ పనీ ఖర్చూ వేరు. ఆ ఇంటాయన వరసగా రెండుసార్లు దాటేశారు. మూడోసారి వెళ్లి ఎంత రుద్దినా తెల్లటి పొర అలాగే ఉంది. గోరుతో గీరి చూశాను, గరుకు తగల్లేదు, కానీ పక్క నుంచి చూస్తే మచ్చ కనిపిస్తోంది. అప్పటికే అద్దం లోపలికి దిగిపోయింది. ‘మీరు సరిగ్గా చెయ్యట్లేదు’ అన్నారు ఆయన. ముందే గొట్టం దిశ మార్చమని చెప్పి ఉండాల్సింది. నాకు తెలిసీ చెప్పలేదు, ఎందుకంటే అప్పట్లో నేను తుడిచి రావడం తప్ప నోరు తెరిచేవాణ్ణి కాదు.

ఇప్పుడు రేటు రెండు రకాలు. గడువుకి చేయించుకుంటే ఒకటి. ఒక విడత దాటేస్తే తర్వాతిసారి కొత్త ఇంటి లెక్క, అంటే దాదాపు సగం ఎక్కువ. అది కోపంతో పెట్టింది కాదు, నా గడియారం చెప్పిందే. ఈ మాట చెప్పినప్పుడు వాళ్లలో కొందరు దాటేయడం మానేశారు. ఇద్దరు ‘అయితే నాలుగు నెలలకోసారే పెట్టండి, ఆ రేటే తీసుకోండి’ అన్నారు. నాకు అదీ ఆనందమే. ఎప్పుడొస్తానో నాకు తెలిస్తే చాలు. ముగ్గురు వెళ్లిపోయారు.

డబ్బుల దగ్గర ఇంకా మొహమాటం ఎక్కువుండేది నాకు. పని పూర్తయ్యేదాకా ‘ఎంత బాగా చేస్తారండీ మీరు’, సబ్బు నీళ్లు పారబోసి బకెట్ తిరగేశాక ‘ఆయన సాయంత్రం వస్తారు, ఆయన్నడగండి’. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఆయనకి సాయంత్రం ఫోన్ చేస్తే ‘నాకు తెలీదే, ఆవిడనడగండి’. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి నాకే సిగ్గేసి ఊరుకున్న ఇళ్లు రెండున్నాయి. ఇచ్చేవాళ్లకి లేని సిగ్గు అడిగేవాడికి ఎందుకో మరి.

చిన్న మార్పే చేశాను. ఇప్పుడు ముందు రోజు మెసేజ్‌లోనే మొత్తం ఎంతో రాస్తాను, ఎలా పంపాలో కూడా. పని అయ్యాక అడగను. ‘అయిపోయిందండీ, ఒక్కసారి చూసుకోండి’ అని వాళ్లతో అన్ని గదులూ తిరుగుతాను, చివరి కిటికీ దగ్గర ‘నిన్న పంపిన మొత్తమేనండీ’ అని ఆగుతాను. ఆగడమే కష్టం. మొదటి వారం ఆ నాలుగు సెకన్లు భరించలేక ‘పర్లేదండీ, తర్వాతైనా...’ అని నా నోరే జారింది, రెండుసార్లు. పాత బాకీ ఉండగా రెండోసారి అద్దం ముట్టుకోకూడదన్నది ఇంకో నియమం. ఇది పెట్టుకోవడం తేలిక, పాటించడం కష్టం, ఎందుకంటే బాకీ ఉన్నవాళ్లే అత్యవసరంగా రమ్మంటారు. ఇంట్లో ఫంక్షన్ ఉందనో, బంధువులొస్తున్నారనో. ‘పోయినసారిది ముందు పంపండి, రేపు పొద్దున్నే అక్కడుంటాను’ అంటే పది నిమిషాల్లో వచ్చేస్తాయి డబ్బులు. ఆరు వారాలుగా రానివి.

ఆఫీసులు మాత్రం ఈ నియమానికి లొంగవు. అక్కడ రమ్మనేవాళ్లొకరు, బిల్లు తీసుకునేవాళ్లొకరు, డబ్బులిచ్చేవాళ్లు మూడో మనిషి. ఆ మూడో మనిషి పేరూ నంబరూ పని ఒప్పుకునే రోజే అడిగి తీసుకోవాలి. అంతకు మించి నాకు ఉపాయం తోచలేదు.

పని బాగోలేదని డబ్బులాపేసేవాళ్ల గురించి కూడా చెప్పాలి. అందరూ అబద్ధాలాడరు. ఒకదాని వెనక ఒకటి రెండు పలకలు కలిపి సీలు వేసిన అద్దాలున్న కొత్త ఇంట్లో ఒకసారి ఒక మేడమ్ ‘ఈ కిటికీ అసలు తుడవనే లేదు’ అన్నారు. చూస్తే మధ్యలో పొగమంచులా మసక. నేను బయట నుంచి వేలు పెట్టి ఆవిణ్ణి లోపలి నుంచి సరిగ్గా అక్కడే వేలు పెట్టమన్నాను. రెండు వైపులా రుద్దాం. మసక కదల్లేదు. అది రెండు పలకల మధ్య ఉంది. చుట్టూ ఉన్న సీలు పాడై తేమ లోపలికి వెళ్తే అలా అవుతుంది. దాన్ని ఏ బట్టతోనూ తుడవలేం, ఆ అద్దం పలకనే మార్పించుకోవాలి. ఆవిడ ఒప్పుకున్నారు, డబ్బులిచ్చారు. కానీ ఆ మాట తుడవక ముందు చెప్పి ఉంటే సలహా అయ్యేది. తర్వాత చెప్పాను కాబట్టి సాకులా వినిపించింది.

గీతలు మరీ ప్రమాదం. కొత్తగా కట్టిన ఇళ్లలో అద్దాల మీద సిమెంటు, పెయింటు చుక్కలుంటాయి. బ్లేడుతో గీకితే పోతాయి, తడి చేసి గీకాలి. వేడి చేసి గట్టిపరిచిన టెంపర్డ్ గ్లాసయితే ఒక్కోసారి దాని మీద కంటికి కనిపించని గాజు నలుసులు అతుక్కుని ఉంటాయి, ఫ్యాక్టరీలో కొలిమిలో కాల్చేటప్పుడు అంటుకున్నవి. బ్లేడు వాటిని పట్టుకుని లాగితే అద్దమంతా సన్నటి గీతలు. తప్పు అద్దం తయారీది, మాట పడేది నేను. అందుకని కొత్త ఇల్లయితే నీళ్లు తగలక ముందే ఇంటివాళ్లతో కలిసి ఒక చుట్టు తిరుగుతాను. ఉన్న గీతలు, పగుళ్లు, మసక, పాడైన మెష్ అన్నీ ఫోన్‌లో ఫొటో తీసి వాళ్లకే పంపిస్తాను. బ్లేడు వాడాల్సి వస్తే ఏం జరగొచ్చో చెప్పి, ‘సరే’ అని మెసేజ్ పెట్టించుకున్నాకే తీస్తాను. పది నిమిషాలు పడుతుంది. ఈ చుట్టు మొదలుపెట్టాక డబ్బులాపిన గొడవ ఒక్కటే వచ్చింది. అది నిజంగా నా తప్పే. మెట్ల దగ్గర చిన్న కిటికీ మర్చిపోయాను.

ఆఖరి నిమిషంలో రద్దు చేస్తే జరిమానా అని కూడా కొన్నాళ్లు పెట్టి చూశాను. నావరకు అది పనిచెయ్యలేదు. మాట తప్పిన మనిషి నుంచి, చెయ్యని పనికి, తర్వాత డబ్బులు వసూలు చెయ్యడమంటే ఒక గొడవకి రెండో గొడవ కలపడమే. ఆరుగురిని అడిగితే ఒకరిచ్చారు. ఆ ఒక్కరు కూడా తర్వాత పిలవలేదు. అడ్వాన్స్ నయం. కొత్తవాళ్ల దగ్గర మొదటి పనికి పాతిక శాతం ముందే తీసుకుంటాను, ముందు రోజు రాత్రి 7 లోపు చెబితే వెనక్కిచ్చేస్తాను. అడ్వాన్స్ అనగానే ఫోన్ పెట్టేసేవాళ్లుంటారు. మొదట్లో వాళ్లని తలుచుకుని బెంగపడ్డాను. నోట్‌బుక్ చూస్తే, అంతకు ముందు తాళం వేసిన గేట్లలో సగం మొదటిసారి పిలిచినవాళ్లవే. ఇప్పుడు ఫోన్ పెట్టేసేవాళ్లు అలాంటివాళ్లేనని నాకు రుజువేమీ లేదు గానీ, గేటు దగ్గర నిలబడే రోజులు మాత్రం తగ్గాయి.

ఇంతా చేశాక ఇద్దరిని నేనే వదిలేశాను. వాళ్లలో ఒకరు ఈ కథ మొదట్లోని గేటు ఇల్లు. మూడుసార్లు మెసేజ్‌కి ‘ఓకే’ అని, మూడుసార్లూ తాళమే. వదిలెయ్యడమెలాగో వారం రోజులు ఆలోచించాను. పెద్ద ఉత్తరం రాసి కొట్టేశాను, అందులో నా నలభై నిమిషాలు, నా నీళ్లు, నా పెట్రోలు అన్నీ ఉన్నాయి. చివరికి పంపింది ఇంతే: ‘మేడమ్, మీకు కుదిరే టైములూ నా రౌండూ కలవట్లేదు. ఈ నెల నుంచి మీ ఇల్లు నా జాబితాలోంచి తీసేస్తున్నాను. ఇన్నాళ్లూ పని ఇచ్చినందుకు థాంక్స్.’ తిడతారనుకున్నాను. ‘అయ్యో, మీరు బాగా చేసేవారు’ అని వచ్చింది. ఆ ‘చేసేవారు’ చూసి కాసేపు మనసు కరిగింది. చెయ్యి అలవాటుగా ‘పర్లేదండీ’ అని టైప్ చేసింది కూడా. చెరిపేసి ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

నియమాలేవీ వర్తించని మనిషి ఒకరున్నారు. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దాయన. ముందు రోజు మెసేజ్ చూడరు, చూసినా మర్చిపోతారు. జాబితా ప్రకారం ఆయన్ని ఎప్పుడో తీసెయ్యాలి. ఆయన్ని రోజు చివరి పనిగా పెట్టుకున్నాను. ముందు ఇంట్లో సామాన్లు సర్దుకునేటప్పుడు ఫోన్ చేస్తాను. ‘ఇవాళేనా?’ అంటారు, ప్రతిసారీ. ‘ఇవాళేనండీ, ఇరవై నిమిషాల్లో వస్తున్నా’ అంటాను. తలుపు తీసి కుర్చీ కిటికీకి ఎదురుగా వేసుకుని కూర్చుంటారు. సాయంకాలం ఎండ ఏటవాలుగా పడే వేళ. ఏ చిన్న చారనైనా పట్టిచ్చే వెలుగు అది. పని అయిందనుకుని నేను బట్ట మడతపెట్టబోతే, చేతికర్ర ఎత్తి పైన ఎడమ మూల చూపిస్తారు.

‘అక్కడ, అబ్బాయ్.’

వెళ్లి చూస్తే నిజంగానే ఉంటుంది, గోరంత.